ఐదేళ్ళకు రాసిన అద్దె కాగితం

నా సర్వీసు మొత్తంలో రాసిన రిపోర్టుల్లో ఒకే ఒక్కదాన్ని నేనే తప్పని మళ్ళీ రాసి సంతకం పెట్టాను. కొత్తగా ఇన్‌కమ్‌టాక్స్ ఇన్‌స్పెక్టర్లయిన పిల్లలు ఎప్పుడైనా మా ఇంటికొస్తే, "మీరు పట్టుకున్న పెద్ద కేసేదైనా చెప్పండి సార్" అంటారు. పట్టుకున్నవాటి గురించి చెప్పడానికి రిటైరైనవాళ్ళు చాలామంది ఉన్నారు, ఒకటికి పది కలిపి మరీ చెప్తారు. నేను బోర్లాపడ్డ కేసు చెప్తాను. కాస్త సాగదీసే అలవాటుంది నాకు, ఓపిక పట్టండి.

అప్పుడు నేను అనకాపల్లి ఆఫీసులో ఉన్నాను. నా పైన ఒక ఆఫీసరమ్మ. రాయలసీమ మనిషి, నాకన్నా పదిహేనేళ్ళు చిన్న. ఏది చెప్పినా "ఎందుకు?" అని ఒకసారి అడిగి, జవాబు పూర్తయ్యేదాకా ఆగేవారు. అలా ఆగేవాళ్ళ దగ్గర పనిచెయ్యడం ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుస్తుంది. ఇక నోటీసులు ఇళ్ళకి పట్టుకెళ్ళి అందించే అతను ఒకడు, కశింకోట పక్క ఊరివాడు. ఆఫీసులో నన్ను సార్ అనేవాడు, టీ కొట్టు దగ్గరికి వెళ్ళగానే బావా అనేవాడు.

ఒక్క నియమం చెప్పేస్తాను, అది లేకపోతే ఈ కథ అర్థం కాదు. ఇల్లు కట్టుకోవడానికి బ్యాంకు అప్పు తీసుకుంటే, దాని మీద కట్టే వడ్డీకి పన్నులో మినహాయింపు ఉంటుంది. సొంతానికి ఉంచుకున్న ఇంటికైతే ఆ మినహాయింపుకి ఒక హద్దుంది. అద్దెకిచ్చిన ఇంటికి ఆ రోజుల్లో హద్దు లేదు. వచ్చిన అద్దె చూపించి, కట్టిన వడ్డీ మొత్తం తీసేసుకోవచ్చు. తర్వాత ఆ వెసులుబాటు తగ్గించేశారు.

ఇంకేముంది, మనవాళ్ళ తెలివి ఊరుకుంటుందా. ఖాళీగా పడున్న ఇళ్ళన్నిట్లోకీ కాగితం మీద మనుషులు దిగిపోయారు. బావమరిది, తోడల్లుడు, పెదనాన్న కొడుకు, వీళ్ళందరూ అద్దెకున్నవాళ్ళే. ఒక స్టాంపు పేపరు, పదకొండు నెలల ఒప్పందం, ఇద్దరు సాక్షులు. ఏడాది దాటి రాస్తే రిజిస్ట్రేషన్ చెయ్యాలి, దానికి ఖర్చు. పైగా అద్దెకున్నవాడు పాతుకుపోతాడని భయం. అందుకని నిజంగా అద్దెకిచ్చినవాళ్ళూ పదకొండు నెలలే రాసేవారు, ఉత్తుత్తినే ఇచ్చినవాళ్ళూ పదకొండు నెలలే రాసేవారు. ఏది నిజమో కనిపెట్టడం నా పని. చాలానే కనిపెట్టాను, దానితో కొంచెం కొమ్ములొచ్చాయి కూడా.

అలాంటి రోజుల్లో నా బల్ల మీదికి ఒక లెక్చరరమ్మ ఫైలు వచ్చింది. మాకవరపాలెంలో పనిచేస్తూ అక్కడే గది తీసుకుని ఉంటోంది. భర్త పోయి చాలా ఏళ్ళయింది. నాన్నగారిచ్చిన స్థలంలో, అనకాపల్లిలో, తన జీతం మీద అప్పు తెచ్చి ఇల్లు కట్టింది. ఇల్లు అద్దెకిచ్చానని చూపించి వడ్డీ మొత్తానికి మినహాయింపు అడిగింది. ఫైల్లో అద్దె కాగితం ఉంది. అది పదకొండు నెలలకి కాదు, ఐదేళ్ళకి. సబ్-రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టరయింది. అద్దెకున్నది రాంబిల్లి వైపు సముద్రపు ఒడ్డు ఊరి ఆడవాళ్ళు ముగ్గురు, ముగ్గురివీ వేలిముద్రలు.

మీరైతే అది చూసి ఏమనుకుంటారు? కాగితం పక్కాగా ఉంది, ఫైలు మూసెయ్యొచ్చు అనుకుంటారు. నేను ఉల్టాగా అనుకున్నాను. ఈ ఊళ్ళో ఇల్లు అద్దెకిచ్చి రిజిస్టరు చేయించినవాడిని నేనింతవరకు చూడలేదు. నిజంగా అద్దెకిచ్చేవాడికి ఆ ఖర్చెందుకు? ఇది మా ఆఫీసుకి చూపించడానికి ముందుచూపుతో చేయించిన కాగితమే అనుకున్నాను. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. దొంగ కాగితాలు చూసి చూసి నాకు మంచి కాగితం కూడా దొంగలాగే కనిపించింది.

నోటీసు ఇవ్వడానికి మావాడు లెక్చరరమ్మ ఊరు కాకుండా ఈ ఇంటికే వెళ్ళాడట, ఫైల్లో ఆ అడ్రసే ఉంది కనక. మధ్యాహ్నం రెండింటికి వెళ్తే, చేపలమ్మే ఆడవాళ్ళు అన్నాలు తింటున్నారట. నువ్వూ ఇంత తిని పో నాయనా అని కూర్చోబెట్టారట. కవళ్ళ చేపల పులుసు గురించి టీ కొట్టు దగ్గర పావుగంట చెప్పాడు. వాళ్ళకి లెక్చరరమ్మ ఏమవుతుందో అడిగావా అన్నాను. లేదన్నాడు. నువ్వు పనికి వెళ్ళావా పులుసుకి వెళ్ళావా అని కసిరాను.

మర్నాడు నేనే వెళ్ళాను. ఎవరినని చెప్పుకోలేదు, చెప్తే జనం సర్దుకుంటారని నా అనుభవం. చంకలో ఫైలు, చేతిలో పెన్ను పట్టుకుని, పొద్దున్న పదకొండింటికి ఆ గేటు ముందు నిలబడి ఎన్ని గదులున్నాయో లెక్కపెట్టుకున్నాను. తాళం వేసి ఉంది. ఎదురింటి అరుగు మీద అరవై దాటిన ఒకావిడ చింతపండు పిక్కలు తీస్తోంది. ఆ ఇంట్లో ఎవరుంటారమ్మా, అద్దెకిచ్చారా అని అడిగాను. ఆవిడ తలెత్తి నన్నోసారి, నా ఫైలునోసారి చూసింది.

"అద్దేటి బాబూ, ఆవిడ సుట్టాలు. వత్తారు, ఉంటారు, పోతారు. ఒక పైసా పుచ్చుకోదు."

ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టమన్నట్టు, అక్కడే నిలబడి ఆ మాట రాసుకున్నాను. సాయంత్రానికి రిపోర్టు తయారు. అద్దె నిజం కాదు, ఉంటున్నది బంధువులు, రిజిస్టరైన కాగితం పన్ను తప్పించుకోవడానికి సృష్టించింది అని రాశాను. ఇంగ్లీషు కూడా బాగా కుదిరింది. రెండుసార్లు చదువుకున్నాను.

ఆ రిపోర్టు మీద మూడేళ్ళ లెక్కలు తిరగదోడడం మొదలైంది. లెక్చరరమ్మ ఆఫీసుకొచ్చింది. సన్నంగా, గంజిపెట్టిన నేత చీరలో ఉంది. సార్, నేను అద్దెకే ఇచ్చాను, కాగితం మీ దగ్గరే ఉంది అంది. కాగితాలదేముందమ్మా, ఎవరైనా రాయించుకోవచ్చు అన్నాను.  దొంగ కాగితమని తేలితే ఏమవుతుందని అడిగింది. మూడేళ్ళ పన్ను తేడా, దాని మీద వడ్డీ, ఆపైన జరిమానా అని చెప్పాను. ప్రభుత్వోద్యోగి కనక మీ డిపార్ట్‌మెంటుకి కూడా తెలియజేస్తామని కలిపాను. బ్యాంకు వాయిదా కట్టుకుంటూ ఇది నేను కట్టలేను, ఇల్లు అమ్మాలి అంది, ఎవరి గురించో చెప్తున్నట్టు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

"సార్, ఇల్లు అమ్మేస్తే ఆ ఐదేళ్ళ కాగితం కొన్నవాళ్ళ మీద కూడా చెల్లుతుందా?"

ప్లీడరుని అడగండి అన్నాను. చూశారా దీని లెక్కలు, ఇప్పట్నించే కొనేవాడి గురించి ఆలోచిస్తోంది అనుకున్నాను మనసులో. ఆవిడ ఎవరి గురించి అడిగిందో అర్థమైన రోజున ఎక్కడైనా దాక్కోవాలనిపించింది. జవాబు నాకు తెలుసు కూడా. చెల్లుతుంది. ఆ ఒక్కమాట చెప్పి ఉంటే ఆవిడ ఆ రాత్రి కాస్త నిద్రపోయేది.

విచారణ రోజు పొద్దున్న పదిన్నరకి ఆవిడ ఒక్కతే ప్లీడరుతో వస్తుందనుకున్నాను. ప్లీడరు లేడు. ఆవిడ వెనకాల మెడలో పూసల దండ, మోచేతుల దాకా పచ్చబొట్లు ఉన్న ఒక ముసలమ్మ వచ్చింది. కాగితం మీద వేలిముద్ర వేసిన ముగ్గురిలో పెద్దది. ఆ వేళప్పుడు తట్ట నెత్తిన పెట్టుకుని వీధుల్లో ఉండాల్సిన మనిషి, ఆ రోజు బేరం మానుకుని వచ్చింది. ఆమె వెనకాల మరొకావిడ. చింతపండు ఒలిచిన ఎదురింటావిడ. 

గదిలో చేపల వాసన నిండింది. మా అటెండరు కిటికీ వైపు నడిచాడు. ఆఫీసరమ్మ చేత్తోనే వద్దని చెప్పి, ముగ్గురికీ కుర్చీలు వేయించారు. కాగితం మొదట్నించి చివరిదాకా చదివారు. తర్వాత ముసలమ్మనే అడిగారు, ఐదేళ్ళకి ఎందుకు రాయించారని. ముసలమ్మ కుర్చీలో సగమే కూర్చుని చెప్పింది.

"ఆరిళ్ళు మారేం తల్లీ. తెల్లారగట్ల ఒడ్డుకాడ సరుకు ఎత్తుకుని ఇక్కడికి వత్తాం. ఐసు పెట్టెలు పెట్టుకోడానికి, ఒళ్ళు కడుక్కోడానికి, గాలీవానా అయితే తొంగోడానికి ఒక కొంప కావాల. ఇత్తారు. ఎవులో ఒకలు వాసనంటారు, మర్నాడు మా సామాను బయటుంటాది. పదకొండు నెల్లని రాసినోడు పదకొండు రోజులు ఉంచలేదు. ఈ పంతులమ్మకాడికెళ్ళి, ఎన్నాళ్ళుండనిత్తావమ్మా అని అడిగేను. ఐదేళ్ళు, గవర్నమెంటాపీసులో రాసిత్తాను అన్నాది."

ఆఫీసరమ్మ లెక్చరరమ్మ వైపు తిరిగారు. ఐదేళ్ళకి రిజిస్టరు చేస్తే మధ్యలో ఖాళీ చేయించలేరు, అది మీకే నష్టం కదా, తెలిసే చేశారా అని అడిగారు. తెలిసే చేశానంది. ఎందుకు అన్నారు, అలవాటు ప్రకారం, జవాబు కోసం ఆగారు.

 లెక్చరరమ్మ మెల్లిగా చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఊళ్ళో ఇల్లు చూసుకుందట. ఇంటాయన తాళంచెవి చేతిలో పెట్టాడట. మాటల్లో, ఆదివారం ఎక్కడికి వెళ్తావమ్మా అని అడిగాడట. చర్చికండి అందట. తాళంచెవి మళ్ళీ తీసేసుకున్నాడట. మంచాయనే, తిట్టలేదు, వీధిలోవాళ్ళు ఒప్పుకోరమ్మా అని మాత్రం అన్నాడట.

"నేనేమీ ఆయన కంటే గొప్పదాన్ని కాదు మేడమ్. రేపు నా వీధిలో నలుగురొచ్చి వాసన అంటే నా మనసూ మారిపోవచ్చు. మారినా ఏమీ చెయ్యలేకుండా రాసేశాను."

నేను ముప్ఫై ఏళ్ళు కాగితాలు చదివినవాణ్ణి. ఎదుటివాడు మాట తప్పుతాడేమోనని రాయించుకున్న కాగితాలు కొన్ని వేలు చూశాను. తనే మాట తప్పుతానేమోనని భయపడి తన చేతులు తనే కట్టేసుకున్న మనిషిని అదే మొదటిసారి చూడడం.  

కానీ ఆఫీసరమ్మ కరిగిపోయే రకం కాదు. నా రిపోర్టు తీసి, ఎదురింటివాళ్ళు చెప్పిన మాట ఇదీ అని చదివారు. బంధువులే, అద్దె లేదు. ఈ మాట అన్నదెవరు అని అడిగారు.

"నానేనమ్మా," అంది ఎదురింటావిడ. లేచి నిలబడి నావైపు వేలు చూపించింది. "ఈ బాబు గేటుకాడ నిలబడి గదులు లెక్కెడతన్నాడు. సంకలో పైలు. ఇంటిపన్నోడనుకున్నాను. అద్దెకిచ్చేరంటే పన్ను పెంచేత్తారు గదా, పంతులమ్మ అప్పుల్లో ఉంది. సుట్టాలనేసేను. ఈళ్ళు నెలనెలా అద్దె ఇత్తానే ఉన్నారు."

ఆఫీసరమ్మకి అర్థం కాలేదు. ఇంటిపన్నుకీ చుట్టాలకీ ఏమిటి సంబంధం అని నన్ను అడిగారు. ఈ ఊరివాణ్ణి, నేనే చెప్పాలి. చెప్పాను. ఇంటిపన్నువాళ్ళు వచ్చినప్పుడు ఈ ఊళ్ళో ఏ ఇంట్లోనూ అద్దెకున్నవాళ్ళు ఉండరు మేడమ్, అందరూ చుట్టాలే అయిపోతారు అన్నాను. మా దగ్గరికొచ్చేసరికి చుట్టాలందరూ అద్దెకున్నవాళ్ళవుతారు, అదీ ఇదీ ఒకే ఊరు అన్నాను. ఆవిడ నవ్వలేదు. ఆ సంగతి తెలిసీ మీరు ఈవిడ మాట ఎలా నమ్మారు అన్నారు.

 దానికి నా దగ్గరున్న జవాబు పైకి చెప్పుకునేది కాదు. మా ఇంటి మేడ మీద బెల్లం మార్కెట్లో గుమాస్తాగా చేసే ఒకతను నాలుగేళ్ళుగా అద్దెకుంటున్నాడు. ఇంటిపన్నువాళ్ళు అడిగితే మా తోడల్లుడని చెప్పింది నేనే. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఆవిడేమీ అనకుండానే నాకు చెమటలు పట్టాయి.

ఆఫీసరమ్మ ఎదురింటావిణ్ణి ఇంకొక్కటే అడిగారు, మీకు వాసన ఇబ్బంది కాదా అని.

"అవదేటమ్మా. మొదట్లో గొడవెట్టింది నానే. నలుగుర్ని ఎంటేసుకుని ఎళ్ళేను. పంతులమ్మ కాగితం సూపించింది, ఐదేళ్ళని. ఐదేళ్ళూ కొట్టుకుంటామా? పొద్దున్న లేత్తే మొకాలు సూసుకోవాల గదా. పదకొండు నెల్లే అయితే కొట్టుకుందుమేమో. మెల్లిగా మాట కలిసింది. ఇప్పుడు మా కోడలూరెళ్తే మా ఇంటి తాళం ఈళ్ళకాడే ఉంటాది."

ముసలమ్మ అవునన్నట్టు తలూపింది. ఈ మాటకి మాత్రం ఆఫీసరమ్మ కలం పక్కన పెట్టేశారు. ఇన్‌స్పెక్టర్ గారూ, ఇప్పుడు మీరేమంటారు అని అడిగారు. అందరి ముందూ అడగడం నాకు కష్టంగానే అనిపించింది కానీ, న్యాయం. రిపోర్టు రాసింది నేనే కదా. అద్దె నిజం మేడమ్, కాగితం నిజం, నేను చేసిన విచారణే తప్పు అన్నాను. అయితే అదే రాసివ్వండి అన్నారు. ఆ మధ్యాహ్నమే రాశాను. వడ్డీ మినహాయింపు మొత్తం ఒప్పుకుని ఆఫీసరమ్మ మూడేళ్ళ ఫైళ్ళూ మూసేశారు. లెక్చరరమ్మ ఇల్లు ఆవిడకి మిగిలింది.

వెళ్ళేముందు వరండాలో ఆవిడకి క్షమాపణ చెప్పుకున్నాను. పర్వాలేదు సార్, మీ ఉద్యోగం అలాంటిది అంటుందనుకున్నాను. అనలేదు. మంచి కాగితాన్ని అనుమానించారు, మరి చెడ్డవి ఎన్ని మంచివనుకుని వదిలేశారో అంది. నవ్వుతూనే అంది. ముసలమ్మ నన్ను ఎగాదిగా చూసి, ఈ బాబు మాకాడ అన్నం తిన్లేదు, ఇంకో బాబు తిన్నాడు అంది. మా నోటీసు సర్వరు స్తంభం వెనకాల నిలబడి విననట్టు నటించాడు. టీ కొట్టు దగ్గర మాత్రం వారం రోజులు వదల్లేదు. పులుసు తిన్నోడికి నిజం తెలిసింది, పెన్ను పట్టుకున్నోడికి తెలీలేదేటి బావా అని.

ఐదేళ్ళయ్యాక ఆవిడ ఆ కాగితాన్ని మళ్ళీ ఐదేళ్ళకి రాసిందని మావాడే చెప్పాడు. అప్పు తీరిపోయింది, ఆవిడా రిటైరైంది. ఆడవాళ్ళు అక్కడే ఉన్నారు.

మీకు చెప్పాల్సింది ఇంకొక్కటే ఉంది, అది చెప్పకపోతే నేను చెప్పినదంతా గొప్పలకిందే లెక్క. విచారణ జరిగిన వారంలోనే నేను మేడ మీదికెళ్ళి, మా గుమాస్తాతో, మన పదకొండు నెలల కాగితం చింపేద్దాం, రిజిస్టరు చేయించుకుందాం అన్నాను. అతని మొహం పాలిపోయింది. ఖాళీ చెయ్యమంటారేటి బాబూ అన్నాడు. కాదయ్యా, నువ్వు ధైర్యంగా ఉండడానికే అన్నాను. నమ్మలేదు. సబ్-రిజిస్ట్రార్ ఆఫీసు దాకా నా వెనకాల తప్పుచేసినవాడిలా నడిచొచ్చాడు. నాలుగేళ్ళలో ప్రతి పదకొండో నెలా అతను ఏ మొహంతో మా గుమ్మంలోకి వచ్చేవాడో అప్పుడు గుర్తొచ్చింది.

దస్తావేజు రాసే అతను కళ్ళజోడు సవరించుకుని, ఎన్నేళ్ళకి రాయమంటారు అన్నాడు.

ఐదు అని చెప్పడానికే వెళ్ళాను. దారి పొడుగునా ఐదు, ఐదు అనుకుంటూనే వెళ్ళాను. తీరా నోరు తెరిచేసరికి, మా అబ్బాయి పెళ్ళయితే మేడ కావాలేమో అనిపించింది. అద్దెలు పెరుగుతాయేమో అనిపించింది. ఎప్పుడైనా మాటా మాటా అనుకుంటే మొహాలు చూసుకుంటూ ఎలా ఉంటాం అనిపించింది. రాసే అతను కలం పట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

రెండు, అన్నాను.

గుమాస్తా నా రెండు చేతులూ పట్టుకున్నాడు. అతని కళ్ళు నిండిపోయాయి, రెండేళ్ళు బాబూ, రెండేళ్ళు అంటున్నాడు. నేను అతని మొహం చూడలేక, సంతకం ఎక్కడ పెట్టాలో చూపించమని రాసే అతన్ని అడిగాను.